మా నాయినకు నేను చెప్పిన తప్పు అర్థం

నేను పాఠాలు చెప్పే కాలేజీలో మొన్నామధ్య ఒకమ్మాయి సెలవు చీటీ ఇంగ్లీషులో రాసి ఇచ్చింది. అన్‌ఫార్చునేట్లీ మా అక్క పెళ్ళి కుదిరింది కాబట్టి నాలుగు రోజులు సెలవు ఇప్పించగలరు అని దాని సారాంశం. స్టాఫ్ రూములో ఆ చీటీ చేతులు మారింది. పాపం బావ ఎలాంటివాడో అని ఒకరు, ఈ పిల్లకైనా నిజం తెలిసింది అని మరొకరు నవ్వారు. దురదృష్టవశాత్తూ అనే అర్థమున్న ఆ మాటను ఎర్రసిరాతో కొట్టేద్దామని కలం తీసిన నేను దాన్ని మళ్ళీ పక్కన పెట్టేశాను. ఆ అమ్మాయి ఏమనుకుని ఆ మాట రాసిందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. అనుకోకుండా మా అక్క పెళ్ళి కుదిరింది అని చెప్పాలనుకుంది. ఒకప్పుడు మా ఇంట్లో ఆ మాటకు అదే అర్థం. ఆ అర్థాన్ని కనిపెట్టినదాన్ని నేనే.

మాది మేడ్చల్ పక్కన గౌడవెల్లి. అప్పట్లో మాకు ద్రాక్షతోట ఉండేది. వరసగా పాతిన రాతి కడీలు, వాటి మీద అల్లిన ఇనుప తీగలు, ఆ తీగల మీద పాకిన పందిరి. ఎండాకాలంలో కూడా ఆ పందిరి కింద చల్లగా, కాస్త పుల్లటి వాసనతో ఉండేది. తీగలకు తెగులు రాకుండా మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టే నీలం మందు మరకలు మా నాయిన చొక్కాలన్నింటి మీదా ఉండేవి. పెళ్ళిళ్ళకు వేసుకునే తెల్ల చొక్కా మీద కూడా ఎక్కడో ఒక నీలం చుక్క కనిపించేది. ఆయన పేరు బుచ్చిరెడ్డి. తోటతో పాటు ఆరు బర్రెలుండేవి మాకు. తెల్లవారుజామునే పాలు పిండడం, మోపెడ్‌కు రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని మేడ్చల్ రోడ్డు మీద కొత్తగా లేచిన కాలనీలో ఇంటింటికీ పోసి రావడం ఆయన దినచర్య. ఊళ్ళో పటేలా అని పిలిపించుకునే మనిషి కాలనీలో గేటు దగ్గర నిలబడి పాలమ్మా అని కేకేయడం మా అవ్వకు నచ్చేది కాదు. నాయినకు మాత్రం ఆ గంటన్నర ఎంతో ఇష్టం. అక్కడ కొత్త మనుషులు, కొత్త మాటలు దొరికేవి.

నాయినను కన్న ఆ అవ్వ గురించి కూడా చెప్పాలి. ఆమె మంచం కొట్టం గుమ్మానికి అడ్డంగా ఉండేది. ఆమె కళ్ళబడకుండా చెంబెడు పాలు బయటికి పోయేవి కావు, పిడికెడు తవుడు లోపలికి వచ్చేది కాదు. చిన్న ఇనుప రోట్లో ఆకూ వక్కా దంచుకుంటూ, ఆ దంచుడు ఆపకుండానే ఇంటిల్లిపాదికీ ఆజ్ఞలు జారీ చేసేది. ఆమెకు లోకంలో నచ్చనివి రెండు. ఒకటి నాయిన కాలనీకి పోవడం. రెండోది నేను మేడ్చల్లో ఇంగ్లీషు మీడియం బడికి పోవడం. “ఊళ్ళె బడి ఉండంగ ఆడివిల్లను బస్సెక్కిచ్చి అంత దూరం ఎందుకురా తోలుడు? ఆడ నేర్సేదేంది, ఈడ నేర్వనిదేంది?” అని పొద్దునా సాయంత్రం అడిగేది. నాయిన నవ్వేవాడు.

కాలనీలో సుబ్బారావు గారిది చివరి ఇల్లు. ఆయనా, భార్య రాజ్యలక్ష్మి గారూ తెనాలి వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఆయన జీడిమెట్ల దగ్గర పశువుల మందులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగి. ఇస్త్రీ మడత నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు. ప్రతి రెండో వాక్యానికి ముందు అన్‌ఫార్చునేట్లీ అనడం ఆయన అలవాటు. కొందరు మాట మొదలుపెట్టే ముందు గొంతు సవరించుకుంటారే, అలాగన్నమాట. నాయిన వారం రోజులు ఆ మాట విన్నాడు. ఎనిమిదో రోజు సాయంత్రం కొట్టం దగ్గర నన్ను కూర్చోబెట్టి, అవ్వ వింటుండగానే అడిగాడు.

“బిడ్డా, అన్‌పార్చునెట్లి అంటే ఏంది?”

అవ్వ రోలు చప్పుడు ఆగిపోయింది. అది ఆగిందంటే ఇంట్లో ఏదో తేలబోతోందని లెక్క.

“రెండేండ్లాయె గదా బస్సెక్కి వోవట్టి,” అంది అవ్వ. “జెప్పుమను, సూద్దాం.”

అప్పుడు నేను ఏడో తరగతి. ఆ మాట ఎప్పుడూ వినలేదు. ఇంట్లో డిక్షనరీ లేదు. తెలియదంటే ఏమవుతుందో నా కళ్ళకు కట్టింది. మర్నాటి నుంచి బస్సు లేదు, ఊళ్ళో బడే. కాస్త టైము దొరుకుతుందని, “సార్ ఎట్ల అన్నడో చెప్పు నాయినా, మాట ఒక్కటే చెప్తే ఎట్ల తెలుస్తది?” అన్నాను. నాయినకు జ్ఞాపకశక్తి ఎక్కువ. సుబ్బారావు గారి గొంతుతో సహా అప్పజెప్పాడు.

“మొన్నేమో, అన్‌పార్చునెట్లి కరెంటు పోయి పాలు విరిగినయండీ అన్నడు. నిన్న, అన్‌పార్చునెట్లి కంపెనీ బస్సు తప్పిపోయిందండీ అన్నడు. ఇయ్యాల, అన్‌పార్చునెట్లి మా ఇంటికి చుట్టాలు దిగారండీ, ఇంకో రెండు లీటర్లు పొయ్యండి అన్నడు.”

నేను బుర్రకు పదును పెట్టాను. కరెంటు పోవడం, బస్సు తప్పిపోవడం, చుట్టాలు రావడం. మూడింటికీ కలిసొచ్చేది ఒక్కటే. “అనుకోకుండా” అని చెప్పేశాను. ఇంట్లోకి చుట్టాలు రావడాన్ని పెద్దమనిషి దురదృష్టం కింద వేసుకున్నాడని పన్నెండేళ్ళ పిల్లకు ఎలా తడుతుంది?

నాయిన మూడు వాక్యాల్లోనూ ఆ అర్థం పెట్టి చూసుకున్నాడు. అచ్చంగా సరిపోయింది. ఆయన ముఖం వెలిగిపోయింది. “ఇన్నవానే అవ్వా! ఒక్కపారి ఇని పట్టేసింది!” అన్నాడు. అవ్వ మళ్ళీ దంచుకోవడం మొదలుపెట్టింది. నా చదువు అలా నిలబడింది.

అప్పటి నుంచి నాయిన ఆ మాటను చేతికర్రలా వెంటబెట్టుకుని తిరిగాడు. ఆశ్చర్యం ఏమిటంటే ఏడాదిన్నర పాటు ఎవరికీ తప్పు కనిపించలేదు. ఆ ఏడు ద్రాక్ష కోతకు వచ్చే సమయంలో రాళ్ళవాన పడింది. చూడటానికి వచ్చిన వ్యవసాయాధికారి ముందు నాయిన రాలిపోయిన గుత్తులు చూపిస్తూ, “అన్‌పార్చునెట్లి రాళ్ళవాన పడ్డది సార్” అన్నాడు. ఆ అధికారి గౌరవంగా, “మీరు ఎంతవరకు చదువుకున్నారండీ?” అని అడిగాడట. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే లైన్‌మన్‌తో అన్నాడు, చూలు బర్రె చచ్చిపోతే డాక్టరుతో అన్నాడు. ప్రతిచోటా మాట చక్కగా అతికింది. ఇప్పుడాలోచిస్తే కారణం తెలుస్తోంది. సేద్యం చేసే ఇంట్లో అనుకోకుండా వచ్చేవాటిలో మంచివి చాలా తక్కువ. అందుకే ఆ రెండు అర్థాలూ మా ఇంట్లో అంతకాలం ఒకే మంచం మీద పడుకున్నాయి.

నాకు నిజం తెలిసింది ఎనిమిదో తరగతిలో. మా కుటుంబం గురించి ఇంగ్లీషులో వ్యాసం రాయమన్నారు. నా దగ్గరున్న పెద్ద మాటను నేనూ వాడాను. అన్‌ఫార్చునేట్లీ మా నాన్న చాలా మంచివాడు, అని రాశాను. అందరు నాన్నలూ అలా ఉండరు, నాకు అనుకోకుండా దొరికాడని నా భావం. టీచరు ఆ వాక్యాన్ని క్లాసులో గట్టిగా చదివింది. అర్థం చెప్పింది. క్లాసంతా బెంచీలు బాది నవ్వింది. నాకు నవ్వు మీద బాధ లేదు. నా కళ్ళ ముందు మోపెడ్, రెండు పాల క్యాన్లు, దాని మీద ఇంటింటికీ తిరుగుతున్న నా తప్పు అర్థం కదిలాయి.

ఆ సాయంత్రమే చెప్పేద్దామనుకున్నాను. ఇంటికి వచ్చేసరికి నాయిన ఎవరో చుట్టానికి, “గీ మాట నాకు మా సుగుణ నేర్పింది” అని చెబుతున్నాడు. సుగుణ అంటే నేనే. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు ఏడాది గడిచినా రాలేదు. దానికి బదులు కాపలా పెట్టుకున్నాను. చెడు జరిగితే భయం లేదు, మాట సరిపోతుంది. మంచి జరిగితేనే నాకు చెమటలు పట్టేవి. రెండు బోర్లు ఎండిపోయాక మూడోదాంట్లో నీళ్ళు పడ్డ రోజున ఊరంతా సంతోషిస్తుంటే నేను నాయిన వెంటే తిరిగాను. అయినా ఆ వ్యవసాయాధికారి దగ్గర నోరు జారనే జారాడు.

“అన్‌పార్చునెట్లి నీళ్ళు పడ్డయి సార్!”

“అయ్యో, పంటకేమైనా నష్టమా?” అన్నాడాయన.

నేను పొలమారినట్టు దగ్గి, దగ్గి, ఇద్దరి చేతా నీళ్ళు తెప్పించుకుని ఆ సంభాషణను అక్కడితో ముంచేశాను.

సుబ్బారావు గారికి పెళ్ళయి పన్నెండేళ్ళయినా పిల్లలు లేరు. ఆ దంపతులు ఆశ వదులుకున్న తరువాత రాజ్యలక్ష్మి గారు గర్భవతి అయి పుట్టింటికి వెళ్ళారు. మూడు నెలల పసిపాపతో, తల్లిని వెంటబెట్టుకుని తిరిగొచ్చారు. ఆడపిల్ల. ఆ కబురు తెలిసిన పొద్దున నాయిన ఆనందం చూడాలి. అప్పుడే ఈనిన బర్రె జున్నుపాలు గిన్నెడు, తోటలో మాగిన గుత్తులు బుట్టెడు కట్టుకుని, నీలం చుక్క కనబడకుండా చొక్కా చేయి మడుచుకుని బయల్దేరాడు. నాకు ఆ రోజు పరీక్ష. తొమ్మిదో తరగతిలో ఉన్నాను. కాపలాకు వెళ్ళలేకపోయాను. పరీక్షలో ఏం రాశానో గుర్తులేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాయిన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జున్నుపాల గిన్నె మూత కూడా తీయకుండా పక్కనే ఉంది. అమ్మ అడుగుతోంది.

“అసలు నువ్వేమన్నవు?”

“ఏమంటనే! పాపను సూసిన. ముద్దుగున్నది. పన్నెండేండ్లకు సంతోషమాయె సార్, అన్‌పార్చునెట్లి ఆడివిల్ల వుట్టె గదా అన్న. అంతే. సార్ వాళ్ళ అత్తమ్మ పాపను తీస్కొని దిగ్గున లేసి లోపటికి వోయింది. పాప తల్లి కండ్లల్ల నీళ్ళు. సార్ ఏమో, రేపట్నుంచి పాలు వద్దండీ అన్నడు.”

పన్నెండేళ్ళు ఎదురుచూసి కన్న బిడ్డను ముందేసుకుని, దురదృష్టం కొద్దీ ఆడపిల్ల పుట్టింది కదా అని పాలాయన గడపలో నిలబడి నవ్వుతూ అన్నాడన్నమాట. ఆడపిల్ల చదువు కోసం కన్నతల్లి చేత రోజూ మాటలు పడే మనిషి, ఆ మాట అన్నవాడయ్యాడు. వారం తిరగకుండా ఆ వరసలో మరో మూడిళ్ళ వాళ్ళు పాలు మానేశారు. ఆడపిల్ల పుడితే ఏడ్చే మనిషట అని ఒకావిడ మరొకావిడతో అన్న మాట నాయిన చెవిన కూడా పడింది. ఎవరి గురించో అనుకున్నాడు.

పాలు మానేశారంటే పాలల్లోనే లోపం ఉండాలి. నాయిన బుర్రకు తట్టింది అదొక్కటే. దాణా మార్చాడు. పత్తిగింజలు ఎక్కువ వేశాడు. క్యాన్లు ఒకటికి మూడుసార్లు తోమించాడు. పాలు కాచి మీగడ మందం వేలితో కొలిచాడు. అన్నీ అయ్యాక చివరికి అవ్వ మంచం ముందు నిలబడ్డాడు. కొలత పాత్ర కడిగిన నీళ్ళు పారబోయకుండా పాలల్లోనే కలిపేయడం అవ్వకు ముందునుంచీ ఉన్న అలవాటు. పావు గిద్దెడు కూడా ఉండవు ఆ నీళ్ళు. పాలదేవత ఒక్క చుక్కయినా నేలపాలు కాకూడదని ఆమె నమ్మకం.

“అవ్వా, నిజం జెప్పు. పాలల్ల నీళ్ళు గలుపుతున్నవా?”

అవ్వ చేతిలోని రోకలి కిందపడింది. “నన్నా? కన్నతల్లిని అనుమానిస్తవారా బుచ్చిగా? నేను పాలల్ల నీళ్ళు గలిపే ముండనా?” అని మంచం మీద అటు తిరిగి పడుకుంది. ఆ పూట తినలేదు. మర్నాడు పొద్దున సల్ల కూడా ముట్టలేదు. సల్ల అంటే మజ్జిగ. అది లేనిదే ఆమెకు తెల్లవారదు. ఆకూ వక్కా దంచే చప్పుడు కూడా లేదు. ఆ చప్పుడు లేని ఇల్లు ఎలా ఉంటుందో నేను మొదటిసారి చూశాను. అమ్మ బతిమాలింది. నాయిన దూరంగా నిలబడి గొణిగాడు. అందరికంటే గట్టిగా నా చదువును వ్యతిరేకించిన మనిషి, నా చదువు చేసిన నిర్వాకానికి కడుపు మాడ్చుకుంటోంది. ఇక ఆగలేకపోయాను.

“నాయినా, అవ్వది తప్పు లేదు. తప్పు నాది,” అన్నాను. చెప్పేశాను. మూడు వాక్యాలు, నా ఊహ, క్లాసులో టీచరు చెప్పిన అర్థం, ఏడాదిగా దాచడం, అన్నీ. చెబుతూ ఏడ్చాను.

నాయిన పెదవులు కదిలిస్తూ మనసులో వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. ఎక్కడెక్కడ ఆ మాట పోశాడో గుర్తు చేసుకుంటున్నాడు.

“నీళ్ళు పడ్డయి అన్న గదా ఆ సార్ ముంగట… నువ్వు గందుకే దగ్గినవా?”

“అవ్ నాయినా.”

“మీ మామ పెండ్లి కుదిరిననాడు, అన్‌పార్చునెట్లి మంచి సంబంధం దొరికె అని అందరి ముంగట అన్న…”

“మామకు ఇంగ్లీషు రాదు గదా.”

“గదే బతికినం,” అని నిట్టూర్చాడు. మళ్ళీ కాసేపటికి, “సర్పంచ్ గెలిచిననాడు దండ ఏసి గూడ అన్న. వాడు దండం పెట్టిండు,” అన్నాడు.

అటు తిరిగి పడుకున్న అవ్వ భుజాలు కదలడం చూసి ఏడుస్తోందనుకున్నాం. ఆమె నవ్వుతోంది. నవ్వుతూనే లేచి కూర్చుని, “సల్ల దేవే” అంది అమ్మతో.

నాయిన నా వైపు తిరిగాడు. “తెల్వకుంటే తెల్వదని జెప్పరాదా బిడ్డా?”

“జెప్తే అవ్వ బడి మానిపిస్తదని…”

ఆయన నన్ను తిట్టలేదు. నేల చూస్తూ అన్నాడు. “సార్ నా ముంగటనే ఉండె. దీనికి అర్థమేంది సార్ అని ఒక్క మాట అడిగితే ఒడిసిపోతుండె. అడిగితే నాకు తెల్వదని తెలుస్తదని నిన్ను అడిగిన. నువ్వు నాకు వుట్టినదానివే.”

ఆ సాయంత్రమే ఇద్దరం కాలనీకి వెళ్ళాం. సుబ్బారావు గారు వరండాలో పేపరు చదువుతున్నారు. మమ్మల్ని చూసి లేవలేదు. రాజ్యలక్ష్మి గారు పాపను ఒళ్ళో వేసుకుని గుమ్మంలో ఉన్నారు. ఆమె తల్లి, మనవరాలిని ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు, కూతురి పక్కకు జరిగి నిలబడింది. నాయిన చెప్పులు బయటే విడిచి, కూర్చోకుండా చెప్పాడు.

“సార్, నాకు ఇంగ్లీషు రాదు. మీరు రోజు అనే మాట నాకు మంచిగనిపించి నేర్సుకున్న. అర్థం ఉల్టా నేర్సుకున్న. అనుకోకుండ అని అనుకొని అన్న. పన్నెండేండ్లకు అనుకోకుండ లచ్చిమి వుట్టింది అన్నట్టు అన్న సార్. నాకు ఉన్నది గీ ఒక్క బిడ్డ. ఆడివిల్లను నేనెట్ల అంట?”

వాళ్ళు నమ్మారో లేదో తెలియలేదు. నాకు భయం వేసి మధ్యలో దూరాను. “నిజమే సార్. నేనే చెప్పిన తప్పు. మీరు అన్నయి మూడు విని చెప్పిన.” అని ఆ మూడు వాక్యాలూ వరసగా అప్పజెప్పాను. కరెంటు పోయి పాలు విరగడం. కంపెనీ బస్సు తప్పిపోవడం. ఇంటికి చుట్టాలు దిగడం, ఇంకో రెండు లీటర్లు.

మూడోది చెప్పాక వరండాలో గాలి మారింది. రాజ్యలక్ష్మి గారు నెమ్మదిగా భర్త వైపు తిరిగారు.

“ఏవండీ, ఇంకో రెండు లీటర్లు పోయించుకున్నది ఎప్పుడు? మా అమ్మా వాళ్ళూ వచ్చినప్పుడే కదూ?”

సుబ్బారావు గారు పేపరు పైకెత్తారు. పెద్దావిడ ముందుకు వచ్చారు. “అల్లుడు గారూ, మేం రావడం మీకు దురదృష్టమా?”

“అబ్బే, అదొక ఊతపదం అత్తయ్యగారూ, అర్థం ఉండదు దానికి…”

“అర్థం లేకపోతే ఆయన మీద ఎందుకంత కోపం వచ్చింది?” అన్నారు రాజ్యలక్ష్మి గారు. ఆమె ముఖంలో నవ్వు పుట్టడం నేను చూశాను.

పాపం సుబ్బారావు గారు మాట మార్చడానికి నాయిననే ఆసరా చేసుకున్నారు. “అసలు నేనూ మీ దగ్గర ఒకటి దాచాను రెడ్డి గారూ. పోయిన శీతాకాలం మీరు పెయ్యి బాగాలేదన్నారు గుర్తుందా?”

“అవ్ సార్, జ్వరమొచ్చె. మీరు ఎర్ర టానిక్ సీస ఇస్తిరి.”

“మీకు పెయ్యి అంటే ఒళ్ళు, మా వైపు పెయ్య అంటే ఆడదూడండీ. మీ దూడకి ఒంట్లో బాగాలేదనుకుని మా కంపెనీ మందు ఇచ్చాను. మీరు తాగారని మీ ఆవిడ మా ఆవిడతో చెప్పాక తెలిసింది. చెప్పడానికి మొహం చెల్లలేదు.”

నాయిన ఒక్క క్షణం ఒళ్ళంతా తడుముకుని చూసుకున్నాడు. “గందుకేనా సార్, రెండే రోజులల్ల లేసి ఉరికిన!” అన్నాడు. అందరూ ఒక్కసారిగా నవ్వేసరికి ఒళ్ళో పాప ఉలిక్కిపడి ఏడ్చింది. పెద్దావిడే పాపను తీసి నాయిన చేతుల్లో పెట్టింది. మర్నాటి నుంచి పాలు మళ్ళీ మొదలయ్యాయి. మిగిలిన మూడిళ్ళకూ రాజ్యలక్ష్మి గారే వెళ్ళి చెప్పి వచ్చారు. అనుకోకుండా అనడానికి సరైన ఇంగ్లీషు మాటేమిటో నాయిన ఆ రోజే అడిగి తెలుసుకున్నాడు. అన్‌ఎక్స్‌పెక్టెడ్లీ. నాలుగుసార్లు ప్రయత్నించి, “నోరు తిరుగుతలేదు సార్, అనుకోకుండనే మంచిగుంది” అని వదిలేశాడు.

ఇప్పుడు నా విద్యార్థుల చేతుల్లో ఫోన్లున్నాయి. ఏ మాటకైనా అర్థం రెప్పపాటులో దొరుకుతుంది. అయినా తప్పులు తగ్గినట్టు నాకు కనిపించదు. పక్కవాడు చూస్తే ఏమనుకుంటాడోనని ఫోనులో కూడా వెతకని పిల్లలున్నారు. అది పాత జబ్బే. నేను ఆ సెలవు చీటీని కొట్టేయలేదు. ఆ అమ్మాయిని పిలిచి, నువ్వేమనుకుని రాశావమ్మా అని మొదట అడిగాను.

తరువాతి సంవత్సరాల్లో మా వైపు ఎంతో మారింది. శామీర్‌పేట దాకా ఉన్న తోటలు ఒక్కొక్కటే ఎండాయి. బోర్లు ఎంత లోతుకు దింపినా దుమ్ము వచ్చేది. మా పందిరి మూడేళ్ళు పోరాడింది. చివరికి నాయిన దాన్ని తీసేసి భూమి అమ్మక తప్పలేదు. భూమి కొనుక్కున్నవాళ్ళు అక్కడ అపార్టుమెంట్లు కడతామన్నారు. అంత ధర పలుకుతుందని మేమెవరం కలలో కూడా అనుకోలేదు. చుట్టాలు వచ్చి నాయినను అభినందించారు. ఆయన అందరికీ సల్ల ఇప్పించి, తోట వైపు వెళ్ళిపోయేవాడు. అవ్వ అప్పటికి లేదు.

కడీలు పీకే రోజున సుబ్బారావు గారి కుటుంబం చూడటానికి వచ్చింది. ఆ పాప పేరు హారిక. అప్పటికి ఎనిమిదేళ్ళది. నాయిన చెయ్యి పట్టుకుని తోటంతా తిరగడం ఆమెకు పసితనం నుంచీ అలవాటు. ఎండిన తీగల్లో ఎక్కడో మిగిలిన ఒక చిన్న గుత్తిని నాయిన కోసి ఆమెకిచ్చాడు. గింజలు గిడసబారి ఉన్నాయి. ఒకటి నోట్లో వేసుకుని ముఖం చిట్లించింది.

“తాతయ్యా, ఎందుకు తీసేస్తున్నారు?”

“నీళ్ళు లేవు బిడ్డా. ఇగ తీగ బతకదు.”

హారిక కాసేపు ఆలోచించింది. పీకి పడేసిన కడీల వైపు, అక్కడే సున్నంతో గీసిన గీతల వైపు చూసింది.

“మరి ఇక్కడ ఇళ్ళు కడితే, వాళ్ళకి నీళ్ళెక్కడ నుంచి వస్తాయి?”

నేను నాయిన ముఖం వైపు చూశాను. ఊళ్ళో పెద్దమనిషి, నలుగురికి సలహా చెప్పేవాడు, పక్కన సుబ్బారావు గారు, భూమి కొన్నవాళ్ళ మనుషులు. ఏదో ఒకటి చెబుతాడనుకున్నాను. ఆయన ఆ పిల్ల ముందు గొంతుకు కూర్చుని, ఆమె కళ్ళలోకి చూస్తూ, ఏ ఇబ్బందీ లేకుండా అన్నాడు.

“నాకు తెల్వదు బిడ్డా.”